మామ్మ గొంతెత్తని రోజు

మొన్న మా వీధి చివరింటి పెద్దాయన పోయారు. తొంభైకి దగ్గరపడిన మనిషి. మంచం పట్టకుండా పోయారు, అదృష్టవంతులని అందరూ అన్నారు. మూడో రోజున ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. పెద్దకర్మ కార్డుకీ, సెంటర్లో కట్టే ఫ్లెక్సీకీ నాలుగు మంచి మాటలు కావాలట. "మీరు తెలుగు టీచరుగారు కదండీ. మీరైతే చిటికెలో రాసేస్తారని మా ఆవిడ అందండి" అన్నాడు.

చిటికెలోనే రాశాను. "మీ మధుర స్మృతులు మా హృదయాల్లో చిరస్థాయిగా" అని మొదలుపెడితే చాలు, మిగతాది దారి తెలిసిన గేదెలా దానంతట అదే ఇల్లు చేరుతుంది. అతను ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంటుంటే, "మీ నాన్నగారికి ఏ కూరంటే ఇష్టమండీ?" అని అడిగాను. అతను ఫోను దించాడు. "ఏది పెట్టినా తినేవారండీ" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "అది కూడా కార్డులో వెయ్యాలాండీ?" అని అడిగాడు. అక్కర్లేదని చెప్పి పంపేశాను.

ఆ ప్రశ్న నాది కాదు, మా మామ్మది. యాభై ఏళ్ళు దాటాక నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక మాత్రం ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మామ్మ అంటే మా నాన్న తల్లి. గోదావరి సముద్రంలో కలవబోయే ముందు బాగా వెడల్పవుతుంది. అక్కడ ఏటిగట్టు కింద ఉండేది మా పేట. నలభై గడపలు, అన్నీ వలల మీద బతికేవే. అప్పటికి మా వైపు నైలాన్ వలలు రాలేదు. నూలు వలలు నీటికి కుళ్ళిపోకుండా తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి గట్టు మీద ఆరేసేవారు. బానలు ఉడికే రోజున పేటంతా వగరు వాసన కమ్మేది. ఎండుచేపల వాసన, తడి కొబ్బరి మట్టల పొగ దానికి తోడు. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేదాకా అది వాసన అని నాకు తెలియదు. గాలి అంటే అలాగే ఉంటుందనుకున్నాను.

మామ్మ పొద్దున్నే చేపల తట్ట నెత్తినెట్టుకుని గట్టెక్కి ఊళ్ళోకి పోయేది. పొట్టి మనిషి, నల్లటి మనిషి, గొంతు మాత్రం దేవుడు ఇద్దరికి ఇవ్వాల్సింది ఒక్కదానికే ఇచ్చాడు. మామ్మ గట్టు మీద నుంచి కేకేస్తే అవతలి లంకలో గేదెలు మేత మానేస్తాయని మా చిన్నాన్న అనేవాడు.

ఆ గొంతుకి ఉన్న రెండో పని ఏడవడం. ఏడవడం అంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం కాదు, అది ఎవరికైనా వస్తుంది. పోయిన మనిషి ఎదురుగా కూర్చుని, రాగం తీసి, మాట మీద మాట అల్లుతూ వాళ్ళతోనే మాట్లాడడం. శోకాలు పెట్టడం అంటారు. మా పేటలో ఆడవాళ్ళందరికీ అంతో ఇంతో వచ్చేది. మామ్మకి వచ్చినట్టు ఎవరికీ వచ్చేది కాదు. ఎవరూ పిలవక్కర్లేదు. కబురు తెలిస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి వెళ్ళేది.

వెళ్ళేటప్పుడు దారి పొడుగునా కబురు తెచ్చిన మనిషిని అడుగుతూ పోయేది. "ఏం కూరంటే ఇట్టం? ఎవరితో మాటల్లేవు? ఆకర్న ఏమడిగేడు?" ఈ మూడూ తెలియకుండా గుమ్మం తొక్కేది కాదు. పొగడ్తలు ఆమెకు అక్కర్లేదు. "మంచోడు మంచోడు అంటే ఎవడి మీద పడేడుత్తన్నామో పోయినోడికి ఎలా తెలుత్తాదే?" అనేది.

ఒకసారి మా వరుసలో ముసలి పడవతను పోయాడు. నేను మామ్మ పక్కనే కూర్చున్నాను. "ఓరి మామో, నా మామో! పీతల పులుసు సల్లారితే కంచం ఇసిరేసేవోడివి, ఇయ్యాల ఈ సల్లటి నేల మీద ఎలా తొంగున్నావు మామో! తమ్ముడి మీద అలిగి పదేళ్ళు మాటాపేవు, అదిగో నీ తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు, ఒక్క మాటను మామో! అక్కడ మా ఇంటాయన కనపడతాడు, సిన్నోడు సొంతంగా పడవేత్తన్నాడని సెప్పు మామో!" అని గొంతెత్తింది. ఆ తమ్ముడు గుమ్మంలోనే కూలబడి, పాకుతూ వచ్చి అన్న కాళ్ళు పట్టుకున్నాడు. అప్పటిదాకా గంజిబట్టలా బిర్రబిగుసుకుని ఉన్న మనిషి అతను.

ఏడుపయ్యాక మామ్మ లేచి, కొంగు దులుపుకుని, చెంబెడు నీళ్ళు తాగి, "దిగింది" అనేది. దుఃఖం గుండెలోంచి దిగాలని మా వాళ్ళ నమ్మకం. దిగకపోతే అక్కడే కూర్చుని మనిషిని కొరుక్కు తింటుందట. దానికో పద్ధతి కూడా ఉండేది. ఎవరు పోయినా మొదటి గొంతు తల్లిది, తల్లి లేకపోతే పెళ్ళాంది. ఆ గొంతు లేచాకే మిగతా ఆడవాళ్ళు అందుకోవాలి. ముందు ఇంకొకరు ఎత్తితే తల్లి వాటా లాక్కున్నట్టు.

ఆ ఏడు నేను ఏడో తరగతిలోకి వచ్చి ఊళ్ళో హైస్కూల్లో చేరాను. తెలుగు మాస్టారు చాలా మంచివారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, జరిగినదాంట్లో ఒక్క పిసరు కూడా ఆయన మీదకు పోకూడదు. మొదటి రోజు హాజరుకి నేను ఆలస్యంగా పరుగెత్తుతూ "వత్తన్నానండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "వస్తున్నానండీ అనాలమ్మా బడిలో. ఇంటి మాట ఇంట్లో, బడి మాట బడిలో. రెండూ నీవే" అన్నారు. రెండూ నావే అన్న ముక్క నా చెవికెక్కలేదు. పిల్లల నవ్వు మాత్రం ఎక్కింది.

ఇక చూసుకోండి. ఆరు వారాల్లో నేను మాట్లాడితే పుస్తకం మాట్లాడినట్టుండేది. ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి ఊపిరి తీసుకోకుండా ఉపన్యాసం దంచితే కంపాస్ బాక్సు బహుమతిచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. అమ్మ "నీల్లు తే" అంటే "నీళ్ళు" అని దిద్దేదాన్ని. నాన్న "ఎల్లొత్తాను" అంటే "వెళ్ళొస్తాను" అనేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందని అమ్మ నెత్తి కొట్టుకునేది.

నన్ను ఏడిపించడానికి చిన్నాన్న ఉండనే ఉన్నాడు. మామ్మకి ఆఖరి బిడ్డ, ఇరవై రెండేళ్ళు. తెరచాప గుడ్డతో కుట్టించుకున్న నిక్కరూ, నోట్లో ఎప్పుడూ ఒక చింతాకు రెమ్మా. పడవలో కూర్చోబెట్టుకుని, "ఓ బాలికా! ఆ తెడ్డును ఇటు అందజేయుము! లేనియెడల నిన్ను ఏట్లో తోసెదను!" అనేవాడు. నేను మూతి ముడిస్తే, "ఏంటే అలిగేవా? అలిగితివా అనాలా?" అని మళ్ళీ మొదలు. వరద నీళ్ళకి పులసలు ఎక్కే రోజులవి. పట్టేది మేమే అయినా మా కంచంలోకి ఆ చేప రాదు, అంతా పట్నం దారి పట్టేది. ఒకరోజు చిన్నాన్న తట్టలోంచి ఒక పులసను తప్పించి, దాని కడుపులోని గుడ్ల జన నాకోసం తీసి, కొబ్బరాకులో చుట్టి నిప్పుల మీద కాల్చాడు. వాసన దాగుతుందా? మామ్మ గట్టు మీద నుంచే పసిగట్టి చీపురుతో వచ్చింది. చిన్నాన్న నన్ను ముందుకు తోసి, "ఈ బాలికయే దోషి" అన్నాడు. మామ్మ చీపురు ఎత్తింది ఎత్తినట్టే నవ్వుతూ కూలబడింది. ఆ జన ముగ్గురం పంచుకుని తిన్నాం. అంత రుచైనది మళ్ళీ తినలేదు.

మామ్మకి నా మాటంటే మహా గొప్ప. సెలవురోజున నన్ను తట్టతో పాటు ఊళ్ళోకి లాక్కుపోయి, చేపలు కొనే వాళ్ళ ముందు నిలబెట్టి, "మా మనవరాలండి. రెండు ముక్కలు సెప్పవే అమ్మా" అనేది. నేను స్వాతంత్ర్యం గురించి దంచేదాన్ని. మామ్మకి ఒక్క మాట తెలియదు. కళ్ళు మాత్రం మెరిసేవి. కాకిపిల్ల కాకికి ముద్దు.

అలా వెళ్ళే ఇళ్ళలో మాస్టారి ఇల్లొకటి. ఆయన తల్లి, పెద్దమ్మగారు, ఎప్పుడో భర్త పోయినావిడ, మామ్మ దగ్గర ఇరవై ఏళ్ళుగా చేప కొనేవారు. ఆవిడకి రక్తపోటు. ఉప్పు తగలకూడదని డాక్టరు చెప్పాడు, కోడలు కంట్లో వత్తులేసుకుని కాపలా. మామ్మ పెరటి దడి దగ్గర బాదమాకులో రెండు ఉప్పుచేప ముక్కలు చుట్టి అందించేది. ఆవిడ వాటిని కొంగున దాచుకుని, నాకు ఓ అరిసె ముక్క చేతిలో పెట్టేవారు. ఇద్దరు ముసలాళ్ళూ దడికి చెరోవైపు నిలబడి కోడళ్ళ మీద చెప్పుకుని నవ్వుకునేవారు.

వినాయక చవితి వెళ్ళిన నాలుగు రోజులకి పెద్దమ్మగారు పోయారు. బడికి సెలవిచ్చి మమ్మల్ని వరసలో నిలబెట్టి మాస్టారింటికి తీసుకెళ్ళారు. పిల్లల తరఫున సంతాపం చదవాల్సింది నేను. పొద్దున బడిలో కూర్చుని రాసిన కాగితం నా చేతిలో ఉంది. వాకిట్లో కుర్చీలు, పంచెలు, గుసగుసలు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు.

అప్పుడు మామ్మ వచ్చింది. తట్ట గేటు దగ్గర దించేసి, మోకాళ్ళ దాకా తడిసిన చీరతోనే జనంలోంచి దారి చేసుకుని, పెద్దమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. గొంతెత్తింది.

"నా తల్లో, నా పెద్దమ్మగోరో! ఇరవయ్యేళ్ళు నా నెత్తి మీద తట్ట దించినదానివి, ఇయ్యాలుంచి ఎవరు దించుతారు తల్లో! ఉప్పుచేప ముక్కకి సంటిపిల్లలాగ సెయ్యి సాపేదానివి, కోడలమ్మగోరు సూత్తారని కొంగున దాసేదానివి! ఎర్ర గాజులు ఏసుకోవాలని ఉందే అని నా ఒక్కదానికే సెప్పేవు తల్లో, నేను..."

నా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "ఉప్పుచేపంటే!" అని ఇంకో గొంతు. నా చెవులు కాలిపోయాయి. ఈ మనిషి నా మనిషని వీళ్ళందరికీ తెలుసు. ముందుకెళ్ళి, వంగి, మామ్మ భుజం పట్టి కుదిపాను.

"ఆపు మామ్మా. అందరూ నవ్వుతున్నారు. ఆ మోటు మాటలేంటి? నాకు సిగ్గుగా ఉంది."

మామ్మ మాట మధ్యలో ఆగిపోయింది. నా వైపు చూసింది. కోపం లేదు. ముఖానికి ఏదో అంటుకుందని ఎవరైనా చెబితే తుడుచుకున్నట్టు, కొంగుతో నోరు తుడుచుకుంది. లేచి, ఎవరినీ తాకకుండా పక్కనుంచి నడిచి, తట్ట తానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను కాగితం విప్పి, "పరమపదించిన మాతృమూర్తికి అశ్రుతర్పణం" అని చదివాను. బాగా చదివానన్నారు. ఒక్కరి కంట కూడా నీరు రాలేదు.

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు బడి వదిలేసరికి మాస్టారు గేటు దగ్గర మామ్మతో మాట్లాడుతూ కనిపించారు. నేను వెళ్ళి మామ్మ పక్కన నిలబడ్డాను.

"ఏమ్మా, ఆ రోజు మధ్యలో ఎందుకు ఆపేశావు?" అని అడుగుతున్నారు ఆయన. "మేమంతా పుణ్యాత్మురాలు, ధర్మాత్మురాలు అన్నాం. మా అమ్మ ఎలాంటిదో నువ్వొక్కతివే చెప్పావు. ఆ ఎర్ర గాజుల సంగతి నాకు తెలియదు. మిగతాది కూడా విందామనుకున్నాను."

"గొంతు పట్టేసిందండి, బాబుగోరు" అంది మామ్మ.

నేను అక్కడే ఉన్నాను. ఆపింది నేనేనండీ అనడానికి ఒక్క వాక్యం చాలు. జెండా కింద అంత ఉపన్యాసం దంచినదాన్ని నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డాను. గట్టు మీద నడుస్తుండగా మాత్రం, "విన్నావా మామ్మా, మాస్టారికి నీ ఏడుపు నచ్చిందట" అని నసిగాను.

"పెద్దోరు అలాగే అంటారమ్మా, మన మనసు కట్టపెట్టకూడదని" అంది మామ్మ. "నువ్వు నాదానివి గాబట్టి నిజం సెప్పేవు. ఇన్నేళ్ళూ ఎంతమంది నవ్వుకున్నారో ఏంటో. నాకేం తెల్సు?"

ఆ తర్వాత పేటలో ఇద్దరు పోయారు. మామ్మ వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులంది. అందరూ నమ్మారు. నాకు నిజం తెలుసు, అయినా లోపల్లోపల హాయిగానే ఉంది. ఇక బడిలో ఎవరూ నవ్వరు కదా అనుకున్నాను. పన్నెండేళ్ళ పిల్లకి అంత పాపం ఎక్కడ పట్టిందో.

దీపావళికి ఇంకా పది రోజులుందనగా చిన్నాన్న కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. ఎవరో పసరు పోశారు. ఉప్పూ కారం లేని చప్పిడి పథ్యం. చింతాకు రెమ్మ లేని చిన్నాన్న నోరు నాకు వేరే మనిషి నోరులా ఉండేది. అప్పటికీ నన్ను చూస్తే పెదాలు తడుపుకుని, "ఓ బాలికా, కొంచెం ఉప్పు ప్రసాదింపుము" అనేవాడు. నేను నవ్వేదాన్ని, తను నవ్వలేక కళ్ళు మూసుకునేవాడు. చివరికి పడవలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ముందే తేవాల్సింది కదా అన్నారట అక్కడ. మూడోనాడు పొద్దున్న అదే పడవలో వెనక్కి తెచ్చారు.

ఇంటి ముందు వలల పందిరి కింద చాప మీద పడుకోబెట్టారు. పేటంతా వచ్చింది. ఆ రోజు ఎవరూ పడవ తియ్యలేదు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. అందరూ మామ్మ కోసం చూస్తున్నారు. మామ్మ కొడుకు తల దగ్గర కూర్చుని, చెదిరిన జుట్టు వేళ్ళతో సరిచేస్తోంది. నోరు విప్పడం లేదు.

ఎండ పందిరి లోపలికి వచ్చింది. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వణుకుతోంది, గొంతు మాత్రం ఎత్తదు. తల్లి ఎత్తలేదుగా. పక్కింటి ముసలావిడ మామ్మ వీపు నిమిరి, "ఏడవ్వే, ఏడు. గుండాగిపోద్దే. ఎంతమందికి ఏడిసేవు, నీ కొడుక్కి ఏడవవేంటే?" అంది. మామ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ నా వైపు తిరిగి, "నీ మాటంటే దానికి పేణం. నువ్వు సెప్పవే" అంది.

నేను మామ్మ పక్కన కూర్చున్నాను. "ఏడువు మామ్మా" అన్నాను. నాకు ఏడుపు ముంచుకొస్తోంది.

మామ్మ నా చెవి దగ్గరకు వంగింది. రహస్యం చెబుతున్నట్టు, చాలా మెల్లగా అంది. "నాయి మోటు మాటలమ్మా. ఎవరైనా నవ్వితే ఆడి పరువు పోద్ది. బంగారం లాంటోడు. మంచి మాటల్తో పంపాలి ఆణ్ణి. నువ్వు సెప్పు, నేను ఎనకాల అంటాను."

కసి తీర్చుకోవడానికి అన్నదైతే నేను బతికిపోయేదాన్ని. ఆమె నన్ను నమ్మింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లలా నా నోటి వైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడైనా నేను "నీ మాటలే మంచివి మామ్మా, నేను అబద్ధం చెప్పాను" అనాల్సింది. పేటంతా చూస్తోంది. నాకు చేతనైంది ఒక్కటే. "ఓ ప్రియ పుత్రా" అన్నాను.

"ఓ పిరియ పుత్తరా" అంది మామ్మ.

"నీవు మమ్ములను శోకసముద్రమున ముంచి."

"నీవు మమ్ములను... శోక..." ఆగింది. "మళ్ళీ సెప్పమ్మా."

మళ్ళీ చెప్పాను. అంది. ఒక్కో మాటకి ముందు నా ముఖం చూసుకుంటూ, తప్పు పోతుందేమోనని భయపడుతూ, రాగం లేకుండా, నీళ్ళు లేకుండా అంది. పందిరి కింద ఎవరికీ ఏడుపు అందుకోవడం తెలియలేదు. అందుకోవడానికి అక్కడ గొంతు లేదు. ఒక ముసలాయన లేచి గట్టు వైపు వెళ్ళిపోయాడు. నేను "దివికేగితివా" అన్నాను. ఆ తర్వాత నాకు మాటలు అయిపోయాయి. నా దగ్గర ఉన్నవి అంతే. పెద్దమ్మగారి కోసం రాసిన కాగితంలోనివే అవి, పేరు మార్చి వాడాను.

మామ్మ కాసేపు నా నోటి వైపు చూసి, ఇంకేం రాదని తెలిసి, మళ్ళీ కొడుకు జుట్టు సరిచేసుకుంది. పొద్దు వాలకముందే ఎత్తారు. మా పేట నుంచి ఒక మనిషి తల్లి గొంతు లేకుండా వెళ్ళడం అదే మొదటిసారి అన్నారు. పీతలంటే చిన్నాన్నకి ప్రాణమని, తడి జుట్టుతో పడుకుంటే మామ్మ తిట్టేదని, కాల్చిన జన మామ్మకీ పంచాడని, అవతలున్న తండ్రితో ఏం చెప్పాలో, ఏదీ ఎవరూ చిన్నాన్నతో చెప్పలేదు.

మామ్మ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. తట్ట మానలేదు. కేక మాత్రం తగ్గిపోయింది, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చేపలు తెచ్చానండి అని మెల్లగా చెప్పేది. అప్పుడప్పుడు అరిచెయ్యి రొమ్ముల మధ్య పెట్టుకుని అదిమేది. ఏంటి మామ్మా అంటే, "దిగలేదమ్మా" అనేది. వాయువన్నారు, గుండె జబ్బన్నారు. నాకు ఏ జబ్బో తెలుసు. ఎన్నిసార్లో చెప్పాలనుకున్నాను, ఆ రోజు మాస్టారింట్లో నవ్వింది ఇద్దరు పిల్లలే అని, నేను పిరికిదాన్నని. ప్రతిసారీ రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా నేను టీచరు ట్రైనింగుకి వెళ్ళాను. తెలుగు ఎలా చెప్పాలో అక్కడ నేర్పారు.

ఆ సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని మామ్మ చేప పొలుసు గీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని చింతపండు పిసుకుతున్నాను. తలెత్తకుండానే అడిగింది.

"అమ్మా, ఆ రోజు మనం అన్న మాటలు... ఆడికి అర్దమయ్యుంటాయంటావా?"

చింతపండు పిప్పి పిండి పక్కన పడేశాను. "అయ్యే ఉంటాయి మామ్మా" అన్నాను.

"అయితే సాల్లే" అంది. కాసేపు గీసింది. పొలుసు నీళ్ళలో కడుక్కుని, చేపను తిప్పి రెండో వైపు పెట్టుకుంది. "నాకైతే ఒక్కటీ అర్దం కాలేదమ్మా" అంది.

అర్థం చెప్పమని అడగలేదు. అడిగినా నేనేం చెప్పను? కన్నకొడుకు శవం ముందు కూర్చున్న తల్లి చేత నేను పాఠం అప్పజెప్పించాను.